ఇంటి దగ్గరే చదువు అని పాప పేరు రాసుకున్నారు, ఇందులో ఏం వస్తుంది, ఏం రాదు?

పాప_వాళ్ళమ్మ_కోడుమూరు:

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవి చాలా రోజులుగా చదువుతున్నా, నేను రాయడం మాత్రం ఇదే మొదలు.

మాది కర్నూలు జిల్లా, కోడుమూరు దగ్గర పల్లె. పాపకు 8 ఏళ్ళు. పుట్టగానే ఏడవలేదు, కర్నూలు పెద్దాసుపత్రిలో 11 రోజులు పెట్టెలో ఉంచారు. ఏడాది దాటినా మెడ నిలవకపోతే అప్పుడు సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) అని తేలింది. ఇప్పుడు ఆనుకుని కూర్చుంటుంది, నడవలేదు, మాటలు రావు. కానీ మనం మాట్లాడేదంతా తెలుసు. వాళ్ళ నాన్న బండి చప్పుడు వీధి మలుపులో వినపడితే చాలు, చేతులాడిస్తూ వాకిలి వైపు చూస్తుంది. సదరం సర్టిఫికెట్లో వైకల్యం 80 శాతం అని రాశారు, పింఛను 6,000 నెలనెలా వస్తోంది.

జూన్‌లో బడి సార్లు ఇంటింటికీ తిరిగి బడి ఈడు పిల్లల పేర్లు రాసుకున్నారు. పాపను చూసి, "ఈ పాపను హోమ్ బేస్డ్ కింద రాస్తామమ్మా, టీచరే ఇంటికొచ్చి చెప్తారు, మీరు బడికి తేనక్కర్లేదు" అన్నారు. కాగితం ఇస్తే సంతకం పెట్టా. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. కోడుమూరు సంతకు పోయి పాపకు పలక, సుద్దముక్కలు, రంగు పెన్సిళ్ళు కొనుక్కొచ్చా. దసరా సెలవులయ్యాక భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో గవర్నమెంట్ నడిపేది) నుంచి ఒక మేడం వచ్చారు. మంచిగా మాట్లాడారు, పాప చేతులు కాళ్ళు కదిపి చూశారు, ఒక పెద్ద కాగితంలో టిక్కులు పెట్టుకుంటూ ఏం తింటుంది, ఎట్లా తింటుంది, బాత్రూమ్ వస్తే మీకెట్లా తెలుస్తుంది, ఇవే అడిగారు. పలక తెచ్చి పక్కన పెట్టినా అక్షరాల సంగతి ఎత్తలేదు. ఇకమీదట శనివారాలు వస్తాను, ఒక గంట ఉంటాను అని చెప్పి పోయారు.

వారానికి ఒక్క గంటేనా? ఆ గంటలో ఏం వస్తుంది పాపకు? ఫిజియోథెరపీ కూడా ఇంటికొచ్చి చేస్తారా? దీనికి గవర్నమెంట్ డబ్బులిస్తుందని మా ఊళ్ళో ఒకరు, ఏమీ రాదని ఇంకొకరు అంటున్నారు, ఏది నిజం? ఇట్లా ఇంటి దగ్గర రాయించుకుంటే రేపు బడిలో చేర్చుకోరా? మా అత్త అయితే పింఛను వస్తోంది కదా, ఇంక చదువెందుకు, పిల్లను కష్టపెట్టొద్దు అంటుంది. నాకేమో శనివారం కూడా పత్తి తీతకు పోవాల్సిన రోజే, ఇంట్లో ఉంటే ఆ పూట కూలి పోతుంది, పోయినా ఫర్వాలేదు కానీ పాపకు ఏదో ఒకటి రావాలి కదా. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


అనంతపురం_అక్క:

చెల్లీ, మా అబ్బాయికి 13 ఏళ్ళు, వాడిదీ సీపీనే, 5 ఏళ్ళు ఇదే పద్ధతిలో నడిచాం. మీరు అడిగినవన్నీ నేనూ అడిగినవే, అప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు నాకు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

వారానికి గంట అన్నారు కదా, అది కూడా అన్ని వారాలూ ఉండదు. ట్రైనింగులు, మీటింగులు, పరీక్షల డ్యూటీలు, సెలవులు, ఇవన్నీ పోను మాకు నెలకు మూడు సార్లు వస్తే ఎక్కువ. ఈ మాట ముందే చెప్తున్నా, లేకపోతే ప్రతి శనివారం వాకిట్లో ఎదురుచూసి మనసు పాడుచేసుకుంటారు. ఫిజియో ఇంటికి రారు, కనీసం మాకు రాలేదు. వారంలో ఒక రోజు మండలంలో భవిత సెంటర్‌కు వస్తారు, మనమే ఎత్తుకుని పోవాలి. ఆ రోజు ఏదో మేడంను అడిగి ఫోన్లో రాసిపెట్టుకోండి.

మొదటి ఆరు నెలలు నేనొక తప్పు చేశా. టీచర్ వస్తే హమ్మయ్య అని వాడిని ఆవిడకు అప్పజెప్పి నేను కొళాయి నీళ్ళు పట్టుకోవడానికో బట్టలు ఉతకడానికో పోయేదాన్ని. మాకు నీళ్ళు నాలుగు రోజులకోసారి వదిలేవాళ్ళు, అవీ సరిగ్గా ఆ టైముకే. ఒక రోజు ఆవిడ బకెట్ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, "అమ్మా, నేను వారానికి గంట ఉంటా, మీరు వారమంతా ఉంటారు, నేను నేర్పాల్సింది మీకు" అంది. ఆ రోజు నుంచి ఆ గంట నేను కదల్లేదు. నీళ్ళు పక్కింటామె పట్టిపెట్టేది. మీరు శనివారం పూట కూలి పోతుందన్నారు, నాకు తెలుసు అది ఎంత బరువో, అయినా ఆ ఒక్క పూట మీరో, పాప వాళ్ళ నాన్నో, ఎవరో ఒకరు తప్పకుండా దగ్గర కూర్చోండి. మీ అత్త కూర్చున్నా మంచిదే, అసలు ఆమె కూర్చుంటేనే ఇంకా మంచిది.

అక్షరాల సంగతి ఎత్తలేదని బాధపడుతున్నారు, నేనూ పడ్డా. మావాడికి మొదట నేర్పింది చెంచా పట్టుకోవడం. వాడి పిడికిలి బిగుసుకుని ఉండేది, సన్న చెంచా చేతిలో నిలిచేది కాదు. ఆవిడ ఇంట్లో ఉన్న స్టీలు చెంచాకే పాత నూలు గుడ్డ చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగి లావు చేసింది. చెంచా మెడను కొంచెం వాడి వైపు వంచింది. గోడ మూలకు దిండ్లు ఆనించి, మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనేటట్టు కూర్చోబెట్టింది. అప్పటిదాకా నేను ఒళ్ళో పడుకోబెట్టుకుని తినిపించేదాన్ని, వాడు పొలమారి దగ్గుతుంటే అది వాడి జబ్బే అనుకున్నా. పడుకోబెట్టి పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుందని, పిల్లలకు మాటిమాటికీ వచ్చే నిమ్ముకు అదీ ఒక కారణమని ఆ రోజే తెలిసింది. రెండు నెలలు రోజూ ఉగ్గాని పెట్టా ఆ చెంచాతో, సగం నేల మీద, సగం చొక్కా మీద. ఒక ఆదివారం పొద్దున వాడే ఒక చెంచాడు నోటిదాకా తీసుకుపోయి, నమిలి, నా వైపు చూశాడు. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు, ఇద్దరం మాట్లాడలేకపోయాం.

రెండోది బొమ్మల అట్ట. నీళ్ళు, అన్నం, బాత్రూమ్, నొప్పి, చాలు, బయటికి, ఈ ఆరింటి ఫోటోలు మన ఇంట్లో వస్తువులవే తీసి అట్టకు అంటించారు. వాడు కళ్ళతో దేన్ని చూస్తే అది. మీ పాపకు అన్నీ అర్థమవుతాయంటున్నారు కాబట్టి మేడంను మొట్టమొదట ఇది అడగండి. మాట రాని పిల్లకు అవును, కాదు అని చెప్పడానికి ఒక దారి దొరికితే తర్వాత చదువంతా దాని మీదే నడుస్తుంది. మావాడు ఇప్పుడు అదే పద్ధతిలో అంకెలు చూపిస్తాడు, కూడికలు చేస్తాడు.

ఇంక "మీరు బడికి తేనక్కర్లేదు" అన్న మాట. అక్కడ మాత్రం ఆగండి చెల్లీ. ఇంటి దగ్గర చదువు ఎంచుకోవడం మన హక్కు, బడి వాళ్ళు మనల్ని ఇంటికి పంపడానికి ఇచ్చింది కాదు. విద్యాహక్కు చట్టంలో 2012 సవరణతో తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు ఈ వీలు పెట్టారు. కావాలంటే ఎంచుకోవచ్చు, బడే కావాలంటే బడి చేర్చుకోవాల్సిందే. మమ్మల్ని ఒక బడిలో "వీడి బాత్రూమ్ ఎవరు చూస్తారమ్మా" అని గేటు దగ్గర నుంచే పంపేశారు. అప్పుడు నాకు చట్టం తెలియదు, తలొంచుకుని వచ్చేశా. ఇప్పుడైతే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగేదాన్ని.


రెండో_తరగతి_నాన్న:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది అనంతపురం టౌన్. మావాడు ఆరోగ్యంగానే ఉన్నాడు, ప్రైవేట్ స్కూల్ ఫీజులు, ఆ హోమ్‌వర్కు టెన్షన్ చూసి ఇంట్లోనే చదివిద్దామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. ఇట్లాంటి పిల్లలకూ గవర్నమెంట్ తరఫున టీచరో, పుస్తకాలో, ఖర్చులో ఏమైనా ఇస్తారా? అమెరికాలో ఉన్న మా బంధువులు అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ఇస్తారని చెప్పారు.


కడప_రిసోర్స్_టీచర్:

నేను కడప జిల్లాలో ఒక మండలం భవిత సెంటర్‌లో సహిత విద్య రిసోర్స్ టీచర్ని, 12 ఏళ్ళ నుంచి ఇదే పని. అక్క చెప్పినవన్నీ నిజాలే. మా వైపు నుంచి కూడా కొన్ని చెప్తా.

ముందు ఆ నాన్నగారికి. మన దగ్గర మామూలు పిల్లలను ఇంట్లో చదివించుకుంటే టీచర్ గానీ ఖర్చులు గానీ రావండి. మీ ఖర్చుతో మీరు చదివించి, 14 ఏళ్ళు నిండాక ఏపీ ఓపెన్ స్కూల్‌లోనో, జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్ఐఓఎస్‌లోనో పది పరీక్ష రాయించాలి. ఇక్కడ మాట్లాడుతున్న హోమ్ బేస్డ్ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద నడిచేది, రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు చెల్లికి. మీ ఇంటికొచ్చిన మేడం టిక్కులు పెట్టుకున్న కాగితం చాలావరకు ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్ట్ అయి ఉంటుంది. సికింద్రాబాద్‌లో ఇప్పుడు నీపిడ్ అంటున్న జాతీయ సంస్థ తయారుచేసింది. తినడం, బట్టలు, శుభ్రత లాంటి సొంత పనులు, నలుగురితో మెలగడం, చదువు, ఆట, పని, ఇట్లా ఒక్కోదాంట్లో పిల్ల ఎక్కడుందో అందులో రాస్తాం. దాన్నిబట్టి ఆ పిల్లకు మాత్రమే పనికొచ్చే ప్రణాళిక ఒకటి రాయాలి, ఐఈపీ అంటాం. మీరు ఆ ఐఈపీ చూపించమని అడగండి. అడగడంలో తప్పు లేదు, నిజానికి తల్లిదండ్రులను కూర్చోబెట్టుకునే అది రాయాలి. మూడు నెలలకు రెండు మూడు లక్ష్యాలు చాలు, అవి చిన్నవిగా ఉండాలి. "మాటలు నేర్చుకుంటుంది" అని రాసి ఉంటే మార్చమనండి, "దాహమైనప్పుడు నీళ్ళ ఫోటో వైపు చూస్తుంది" అని రాయమనండి. అప్పుడే జరిగిందో లేదో మీరూ చూసి చెప్పగలరు, మేమూ తప్పించుకోలేం.

గంట ఎందుకు చాలడం లేదంటే, మేము సోమవారం నుంచి శుక్రవారం దాకా సెంటర్‌కు వచ్చే పిల్లలతో, మండలంలో బడులకు పోయే పిల్లలతో ఉంటాం. ఇళ్ళకు పోవడానికి మిగిలేది శనివారం. నా జాబితాలో ఇంటి పిల్లలు 14 మంది, ఊళ్ళు 9. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచే ఊరు కూడా ఒకటుంది. నేను చేతనైనంత చేస్తా, కానీ 14 మందికీ ప్రతి వారం గంట ఇవ్వడం నా వల్ల కాలేదు, ఆ మాట ఆ తల్లుల ముందు కూడా ఒప్పుకున్నా. ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేశారు. ఇన్నేళ్ళు కాంట్రాక్టు మీద ఈ పిల్లల మధ్యే బతికినవాళ్ళం, ఇవి నిండే రోజు కోసం మీకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నాం.

డబ్బుల సంగతి ఊళ్ళో ఇద్దరూ సగం సగం చెప్పారు. సమగ్ర శిక్షలో ఒక్కో ప్రత్యేక అవసరాల పిల్లకు ఏడాదికి 3,500 దాకా లెక్క ఉంటుంది, అది మీ చేతికి రాదు, పరికరాలకు, సామగ్రికి, క్యాంపులకు ఖర్చు పెట్టేది. ఆడపిల్లలకు విడిగా స్టైపెండ్ ఉంది, నెలకు 200 చొప్పున 10 నెలలు, అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాప పేరు మీద ఖాతా, ఆధార్ లింకు సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. బడికి గానీ సెంటర్‌కు గానీ తీసుకుపోయే పిల్లలకు రవాణా, ఎస్కార్ట్ అలవెన్సులు ఉంటాయి, మీరు ఫిజియో రోజున సెంటర్‌కు పోవడం మొదలుపెట్టగానే మేడంను అడగండి. సీపీ కుర్చీ, వీల్‌చైర్, కాళ్ళకు వేసే క్యాలిపర్లు క్యాంపుల్లో కొలతలు తీసుకుని ఇస్తారు. కొలత తీసిన రోజుకూ వస్తువు వచ్చే రోజుకూ నెలలు పడుతుంది, పిల్ల ఈలోగా పెరుగుతుంది, అందుకని కొలిచేటప్పుడే కొంచెం సాగే వీలున్నది ఇవ్వమని చెప్పండి. సదరం కాగితం, ఆధార్, ఫోటోలు, ఇవి నాలుగేసి జిరాక్సులు ఒక కవర్లో పెట్టి గోడకు తగిలించుకోండి. క్యాంపు ఎప్పుడూ ఒక్క రోజు ముందే తెలుస్తుంది.

నిరామయ అని ఒక ఆరోగ్య బీమా ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళది. సీపీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవాళ్ళకు ఏడాదికి లక్ష రూపాయల దాకా. దీని గురించి చాలామందికి తెలియదు. థెరపీ ఖర్చులకూ అందులో కొంత వస్తుంది.

బడిలో చేర్చుకోరా అని అడిగారు. అమ్మా, హోమ్ బేస్డ్ పిల్లల పేరు ఉండాల్సిందే బడి రిజిస్టర్లో. మీ ఊరి బడిలోనే మీ పాప పేరు ఉండాలి, బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా యూడైస్‌లో ఎక్కి ఉండాలి. హెచ్ఎం సార్ దగ్గరకు పోయి ఏ తరగతి, ఏ నంబర్ అని అడిగి రాసుకోండి. పేరు ఉంటే పుస్తకాలు, యూనిఫాం, బ్యాగు, షూస్ మిగతా పిల్లలతో పాటే రావాలి. నడవని పిల్లకు షూస్ ఎందుకని కొందరు తల్లులు తీసుకోరు. తీసుకోండి. వేయండి. మా దగ్గర ఒక పాప ఆ షూస్ వేసిన రోజు నుంచి ఎత్తుకుంటే వీధి వైపు చూపించడం మొదలుపెట్టింది.


పాప_వాళ్ళమ్మ_కోడుమూరు:

అక్కా, మేడం, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. అక్క రాసింది మా ఆయనకు చదివి వినిపించా. పడుకోబెట్టి తినిపించడం గురించి చదివేటప్పుడు నా గొంతు ఆగిపోయింది. నేనూ 8 ఏళ్ళు అట్లానే పెట్టా, రెండు సార్లు నిమ్ము వచ్చి కర్నూలులో అడ్మిట్ చేశాం, ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి గోడ మూలకు బస్తా, దిండు పెట్టి కూర్చోబెట్టి సంగటి మెత్తగా పప్పులో కలిపి పెట్టా. రెండు సార్లే దగ్గింది. రోజూ అయితే లెక్కలేనన్ని సార్లు.

హెచ్ఎం సార్ దగ్గరకు రేపు పోతాం. ఇంకొక్క సందేహం. జనవరి వస్తే మా ఆయన వాళ్ళ అన్నలు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. ఈ ఏడు అప్పు తీర్చాలని మేమూ పోదామంటున్నాడు. మూడు నెలలు పాపను తీసుకుపోతే ఇక్కడ పేరు తీసేస్తారా?


ఆదోని_మేనమామ:

అమ్మా, నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పాలనే రాస్తున్నా. మా కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు సుగ్గికి (కూలి పనులకు వలస) పోని ఇల్లు వెతికితే గానీ దొరకదు. మా అక్క వాళ్ళూ పోయేవాళ్ళు. నా మేనల్లుడికి నీ పాప మాదిరే. ఐదేళ్ళ కిందట వాడిని మా అవ్వ దగ్గర వదిలి పోయారు. అవ్వకు 70 దాటాయి, వాడిని ఎత్తలేదు, పక్క మీదే ఉంచి తినిపించేది. టీచర్ రెండు సార్లు వచ్చింది. ఒకసారి అవ్వ రేషన్ షాపుకు పోయి తలుపు గొళ్ళెం పెట్టి ఉంటే ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయిందంట. ఉగాది దాటాక మా అక్క వచ్చి చూస్తే వాడి మడమలు నేలకు ఆనడం లేదు, వేళ్ళ మీదికి లేచిపోయాయి. అంతకు ముందు రెండేళ్ళు రోజూ సాగదీసి సాగదీసి తెచ్చుకున్నది నాలుగు నెలల్లో పోయింది. మా అక్క ఆ రోజు ఎట్లా ఏడ్చిందో నేను మర్చిపోలేను.

పోవద్దని నేను చెప్పను, అప్పు ఎవరు తీరుస్తారు. తర్వాత ఏడాది మేము ఏం చేశామో చెప్తా. పోయే ముందే టీచర్‌కు ఏ ఊరు పోతున్నామో, ఎప్పుడు వస్తామో చెప్పాం, బడిలో కూడా కాగితం రాసిచ్చాం. చేయాల్సిన కదలికలన్నీ ఆవిడ చేస్తుంటే ఫోన్లో వీడియో తీసుకున్నాం, ఏడో ఎనిమిదో చిన్న చిన్నవి. వాడిని వెంట తీసుకుపోయారు. చేను దగ్గర గుడారంలో పొద్దున పనికి పోకముందు పావుగంట, రాత్రి పావుగంట, మా బావే చేసేవాడు ఆ వీడియో చూసి. పోయిన ఊరి మండలంలోనూ భవిత సెంటర్ ఉంటుంది, అక్కడికి పోయి పిల్లాడు ఉన్నాడని చెప్పుకోవాలి. మా అక్క వాళ్ళు ఒకసారే పోగలిగారు, అయినా ఆ ఫిజియో మడమలు చూసి బాగున్నాయి, ఇట్లానే చేయండి అన్నాడు. తిరిగి వచ్చాక వాడి పేరు బడిలో అట్లానే ఉంది. చెప్పి పోవడం, వచ్చి చెప్పడం, ఈ రెండూ మర్చిపోవద్దు.

ఇంకో మాట అనంతపురం అక్కకు. బడి మన హక్కు అన్నారు, నిజమే. కానీ మా ఊళ్ళో బడి ఊరి బయట గుట్ట దగ్గర ఉంది, తల్లి కూలికి పోతే ఎత్తుకుని పోయి తెచ్చేవాళ్ళు ఉండరు. అట్లాంటి ఇంట్లో ఆ గంట చదువే అన్నీ. దాన్ని తక్కువ చేసి చూడొద్దు అక్కా.


అనంతపురం_అక్క:

తమ్ముడూ, నువ్వు చెప్పింది మనసుకు తగిలింది. తక్కువ చేయాలని కాదు, నా కొడుకు చేతికి చెంచా ఇచ్చింది ఆ గంటే. నేను భయపడేది వేరే దానికి. ఇంటి దగ్గర అని ఒకసారి రాసుకుంటే ఏడాదికేడాది అదే రాసుకుంటూ పోతారు, పిల్లవాడు ఎంత ముందుకొచ్చినా ఎవరూ బడి మాట ఎత్తరు. మావాడికి నేనే ఎత్తాల్సి వచ్చింది. మూడో ఏడు ఆగస్టు 15కు వాడిని ఎత్తుకుని పోయి జెండా దగ్గర కూర్చోబెట్టా. పిల్లలంతా చుట్టూ చేరారు, ఒకమ్మాయి తన చేతిలో చాక్లెట్ వాడి పిడికిలి విప్పి పెట్టింది. తర్వాత నెలకు ఒక శనివారం, ఆ తర్వాత వారానికి ఒక రోజు, మధ్యాహ్న భోజనం దాకా. బాత్రూమ్ టైముకు నేనే పోయి వచ్చేదాన్ని, ఆ ఒక్కటి ఒప్పుకుంటే బడి వాళ్ళూ మెత్తబడ్డారు. ఈ ఏడు వారానికి మూడు రోజులు పోతున్నాడు, వీల్‌చైర్ తోసుకుపోయేది ఆ చాక్లెట్ అమ్మాయి తమ్ముడే.

గుట్ట దగ్గర బడి అయితే నేనూ ఇంటినే ఎంచుకునేదాన్నేమో. అట్లాంటప్పుడు కనీసం బడి పిల్లలనే నెలకోసారి ఇంటికి పంపమని అడగొచ్చు. మావాళ్ళు రెండు సార్లు వచ్చారు, వాకిట్లో గోళీలాడి పోయారు.

మా జిల్లాలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) వాళ్ళు ప్రత్యేక పాఠశాలలు నడుపుతున్నారు, దగ్గరున్నవాళ్ళు అదీ కనుక్కోండి. చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళదాకా ఉచిత చదువు, దగ్గరి బడి గానీ ప్రత్యేక బడి గానీ ఎంచుకోవచ్చు.


కడప_రిసోర్స్_టీచర్:

అక్క భయం నిజమే. మేమే ప్రతి ఏడాదీ చూసి, బడికి పోగలిగే పిల్లను బడికి మార్చాలి. పని ఒత్తిడిలో పాత జాబితానే కొత్త ఏడాదికి ఎక్కించడం జరుగుతుంది, నేనూ చేశా ఒకటి రెండు సార్లు, తర్వాత సిగ్గుపడ్డా. ఏప్రిల్‌లో మీరే అడగండి, వచ్చే ఏడాది మా పాపను వారానికి ఎన్ని రోజులు బడికి పంపుదాం అని. పంపొచ్చా అని అడిగితే ఆలోచిద్దాం అంటారు.

సుగ్గి గురించి ఆ అన్న చెప్పినట్టే చేయండి. వీడియోలు తీసుకునే ముందు ఫిజియోతో ఒకసారి చేయించి చూసుకోండి, బిగుసుకున్న కాలును బలవంతంగా లాగకూడదు, మెల్లగా ఆపి పట్టుకోవాలి. ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలో ఆయన చెప్తారు.


పాప_వాళ్ళమ్మ_కోడుమూరు:

హెచ్ఎం సార్ దగ్గరకు పోయొచ్చాం. పాప పేరు మూడో తరగతిలో ఉంది. మేము అడిగేదాకా మాకు తెలియదు. పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి, తీసి ఇచ్చారు, షూస్ సైజు మాత్రం పెద్దది వచ్చింది, మార్చి ఇస్తామన్నారు. జనవరి 26కు పాపను జెండా వందనానికి తీసుకొస్తానని చెప్పా. సార్ ఒక నిమిషం ఆలోచించి, తీసుకురామ్మా, నీడలో కుర్చీ వేయిస్తా అన్నారు.

సుగ్గి ఆ జెండా పండగ దాటాకే పోదామని మా ఆయన ఒప్పుకున్నాడు. ఫిజియో కోడుమూరుకు ఏ రోజు వస్తారో కనుక్కున్నాం, ఈ వారమే పోతాం.

మేడం మొన్న శనివారం వచ్చారు. నేను పక్కనే కూర్చున్నా, మా అత్త వాకిట్లో నుంచి చూస్తా ఉండింది. చెంబు ఫోటో, అన్నం గిన్నె ఫోటో రెండే పెట్టి ఏది కావాలని అడిగితే పాప చెంబు వైపు చూసింది. మేడం ఫోటోలు అటూ ఇటూ మార్చారు, మళ్ళీ చెంబు వైపే చూసింది. మా అత్త లేచి లోపలికి పోయి నీళ్ళు తెచ్చింది.